విధేయత కాదు, వాడిక

మొన్నామధ్య మేనేజ్‌మెంట్ క్లాసులో "కస్టమర్ లాయల్టీ" టాపిక్ వచ్చింది. మేడం సరదాగా "లాయల్టీని తెలుగులో ఏమంటారు?" అని అడిగారు. ఎవరో ఫోన్లో వెతికి "విధేయత" అని చదివారు. క్లాసంతా నవ్వాం. విధేయత అనగానే లీవ్ లెటర్ చివర రాసే "ఇట్లు తమ విధేయుడు" గుర్తొస్తుంది కదా. సబ్బు కొనడానికి వెళ్ళినవాడు కొట్టాయనకి విధేయుడవడమేంటి?

సెలవులకి కురిచేడు వెళ్ళినప్పుడు మా నానమ్మని అడిగాను. "ఎప్పుడూ ఒకే కొట్లో సరుకులు తెచ్చుకుంటే దాన్నేమంటారు నానమ్మా?" ఆమె ఆలోచించను కూడా లేదు. "వాడిక అంటారు. మనకి ఆ కొట్టు వాడిక."

ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు ఆ మాట కొత్త. ఇంకొంచెం అడిగితే అర్థమైంది. పాలు పోసే ఆమె మనకి వాడిక, మనం ఆమెకి వాడిక. మాట రెండువైపులా ఒకటే. ఇందులో పెద్దా చిన్నా లేదు. ఒకరు మానేస్తే రెండోవాళ్ళు "ఏం తప్పు చేశాం?" అని అడిగే హక్కు కూడా ఉంటుంది.

చేతిలో డబ్బులు తగ్గినప్పుడు మనుషులు ఏ కొట్టుకి వెళ్తారు, ఏ కొట్టు మానేస్తారు, ఎందుకు? ఈ వ్యాసం దాని గురించి. ఇందులో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను అనుకున్నా ఫర్లేదు.

ముందు మా ఊరి సంగతి

కురిచేడు తెలియనివాళ్ళకి: గుంటూరు నుంచి నంద్యాల వెళ్ళే రైలెక్కితే వినుకొండ దాటాక, దొనకొండ రాకముందు వస్తుంది. పశ్చిమ ప్రకాశం అంటే వానని నమ్ముకున్న ప్రాంతం. సాగర్ కుడి కాలువ నీళ్ళు వచ్చిన ఏడాది ఒక కథ, రాని ఏడాది ఇంకో కథ. మా దగ్గర జీతం ఒకటో తారీఖున రాదు. పంట అమ్మినప్పుడు వస్తుంది. మధ్యలో నెలలన్నీ ఎలాగోలా జరగాలి.

మా నాన్న కౌలుకి మిర్చి వేస్తారు. 2025 మొదట్లో మిర్చికి ఏమైందో మీలో రైతుల ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. అంతకు ముందు మంచి రకాలు గుంటూరు యార్డులో క్వింటా 20 వేలు దాటి పలికాయి. 2025లో ధర దాదాపు సగానికి పడిపోయింది. ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకి 11,781 రూపాయలు అని ప్రకటించింది. చాలామంది లాగే మా నాన్న కూడా రేటు పెరుగుతుందేమోనని కొన్ని బస్తాలు కోల్డ్ స్టోరేజీలో పెట్టారు. అంటే ఆస్తి ఉంది, కానీ జేబులో డబ్బులు లేవు. ఎకనమిక్స్ క్లాసులో దీన్ని లిక్విడిటీ ప్రాబ్లమ్ అంటారు. మా అమ్మ "చేతిలో ఆడట్లేదు" అంటుంది.

బిల్లింగ్ కౌంటర్ దగ్గర

ఆ ఎండాకాలం నేను, అమ్మ పనిమీద ఒక టౌనుకి వెళ్ళాం. అక్కడ సూపర్ మార్కెట్లో ధరలు తక్కువని నేనే పట్టుబట్టి తీసుకెళ్ళాను. ఏసీ, పాటలు, తోసుకెళ్ళే ట్రాలీ. నూనె ప్యాకెట్ మా ఊళ్ళో కంటే ఎనిమిది రూపాయలు తక్కువ. నేను ఫోన్లో లెక్క వేస్తూ ఎంత మిగులుతుందో అమ్మకి చెప్తూనే ఉన్నాను.

బిల్లు 2,140 అయింది. అమ్మ దగ్గర 1,800 ఉన్నాయి. నా ఫోన్‌పేలో 60 రూపాయలు. రెండు తీసేయమ్మా అని అమ్మ కౌంటర్లో అమ్మాయితో అంది. ఆ అమ్మాయి మంచిదే, కానీ తీసేయడం ఆమె చేతిలో లేదు. "సార్, వాయిడ్!" అని గట్టిగా కేకేసింది. సూపర్‌వైజర్ ఎక్కడో లోపల ఉన్నాడు. ఆయన వచ్చేదాకా స్క్రీన్ ఆగిపోయి ఉంది, మా వెనక ఏడెనిమిది మంది ఆగిపోయి ఉన్నారు. ఒకాయన "చూసుకుని వేసుకోవాలి కదమ్మా" అన్నాడు. సూపర్‌వైజర్ వచ్చి, కార్డు గీకి, "ఏం తీసేయాలి?" అని అడిగాడు. అమ్మ నూనె ప్యాకెట్, బట్టల సబ్బులు పక్కన పెట్టింది. ఏ నూనె కోసం వెళ్ళామో ఆ నూనె.

తిరిగొచ్చేటప్పుడు రైల్లో అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ధరలు తక్కువే గానీ మనకొద్దులేరా" అంది. నాకు కోపం వచ్చింది. ఎనిమిది రూపాయలు తక్కువకి వచ్చే నూనె మానేసి ఊళ్ళో ఎక్కువ పెట్టి కొనడం ఏం లాజిక్? చేతిలో డబ్బుల్లేనప్పుడే కదా ఎనిమిది రూపాయలు ముఖ్యం?

ఈ ప్రశ్నకి జవాబు దొరకడానికి నాకు చాలా నెలలు పట్టింది.

ఆ అమ్మాయి ఎందుకు తీసేయలేకపోయింది?

మనం సీఎస్ఈ వాళ్ళం కాబట్టి ముందు సాఫ్ట్‌వేర్ సంగతి చూద్దాం. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లో ఒక్కొక్కరికి ఒక్కో స్థాయి అనుమతులు ఉంటాయి. డీబీఎంఎస్ ల్యాబ్‌లో మనం యూజర్లకి ఇచ్చే పర్మిషన్స్ లాంటివే. వస్తువుని బిల్లులో చేర్చడం క్యాషియర్ చేయొచ్చు. చేర్చినదాన్ని తీసేయడం, అంటే వాయిడ్, చాలా షాపుల్లో సూపర్‌వైజర్ మాత్రమే చేయాలి.

దీనికి కారణం ఉంది. క్యాషియర్ తెలిసినవాళ్ళకి వస్తువు స్కాన్ చేసి, ఎవరూ చూడనప్పుడు బిల్లులోంచి తీసేసి, వస్తువు మాత్రం సంచిలో పెట్టి పంపొచ్చు. ఆ దొంగతనం ఆపడానికి ఈ తాళం పెట్టారు.

ఇప్పుడు దీన్ని అమ్మ వైపు నుంచి చూడండి. బిల్లులోంచి వస్తువు తీసేయడానికి రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి దొంగతనం, రెండు డబ్బులు చాలకపోవడం. ఆ ప్రోగ్రామ్ రాసినవాళ్ళు మొదటిదాని గురించే ఆలోచించారు. అందుకని రెండో కారణంతో వచ్చిన మనిషికి కూడా మొదటి మనిషికి జరిగే విచారణే జరుగుతుంది. కేకలు, తాళం, పెద్దాయన రావడం, అందరూ చూడటం. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. క్యాషియర్ నవ్వుతూనే ఉంది. "కస్టమర్ ఎక్స్‌పీరియన్స్" అనగానే మనం నవ్వుతూ పలకరించడం అనుకుంటాం గానీ, సగం అనుభవం ఇలా కోడ్‌లోనే రాసేసి ఉంటుంది.

మంచి రోజుల్లో ఈ లోపం బయటపడదు. డబ్బులు సరిపోయేవాళ్ళకి వాయిడ్ బటన్ ఉందని కూడా తెలీదు. ఊరంతా ఇబ్బందిలో ఉన్న ఏడాదే ఆ బటన్ ఎక్కువ అవసరమవుతుంది.

చివర్లో జరిగిందే గుర్తుంటుంది

డేనియల్ కానమన్ అనే సైకాలజిస్ట్ పేరు వినే ఉంటారు, 2002లో ఎకనమిక్స్ నోబెల్ వచ్చింది. ఆయన బృందం 1993లో ఒక ప్రయోగం ప్రచురించింది. మనుషులని ఒకసారి 14 డిగ్రీల చల్లటి నీళ్ళలో 60 సెకన్లు చెయ్యి పెట్టమన్నారు. ఇంకోసారి అదే 60 సెకన్లు, ఆ తర్వాత ఇంకో 30 సెకన్లు అదనంగా. కాకపోతే ఆ 30 సెకన్లలో నీళ్ళు మెల్లగా 15 డిగ్రీలకి వెచ్చబడతాయి. మళ్ళీ చేయాల్సివస్తే ఏది కావాలి అని అడిగితే ఎక్కువమంది రెండోదే కోరుకున్నారు. మొత్తం బాధ రెండోదాంట్లోనే ఎక్కువ, అయినా సరే. ఎందుకంటే మనం ఒక అనుభవాన్ని మొత్తంగా కూడి గుర్తుపెట్టుకోం. అందులో గట్టిగా తగిలిన క్షణం, చివరి క్షణం, ఈ రెండే ఎక్కువగా మిగులుతాయి.

షాపులో చివరి క్షణం ఎక్కడ? బిల్లింగ్ కౌంటర్ దగ్గర. ఏసీ, పాటలు, ఎనిమిది రూపాయల తగ్గింపు అన్నీ ముందు జరిగిపోయాయి. అమ్మకి గట్టిగా తగిలిన క్షణం, చివరి క్షణం రెండూ ఒకచోటే కలిశాయి. అందుకే నా లెక్క అమ్మ దగ్గర పనిచేయలేదు.

మరి ధర సంగతి?

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ధర ముఖ్యం కాదని ఎవరైనా చెప్తే నమ్మకండి. డీమార్ట్‌నే తీసుకుందాం. రాధాకిషన్ దమానీ 2002లో ముంబైలో మొదటి షాపు తెరిచారు. ఇప్పుడు గుంటూరు, విజయవాడల్లో ఆదివారం పూట వెళ్తే ట్రాలీ తిప్పడానికి చోటుండదు. హంగులేమీ లేవు, క్యూ పొడుగు. అయినా జనం మళ్ళీ మళ్ళీ వెళ్తారు. వాళ్ళు సరుకు ఇచ్చినవాళ్ళకి డబ్బులు త్వరగా కట్టేస్తారు కాబట్టి తక్కువకి దొరుకుతుంది. చాలా షాపులు సొంత స్థలంలో ఉంటాయి కాబట్టి అద్దె భారం తక్కువ. ఆ మిగిలింది ధరలో కనిపిస్తుంది. ఎప్పుడు వెళ్ళినా ఎమ్మార్పీ కంటే తక్కువే అనే నమ్మకం కూడా ఒక అనుభవమే. దుకాణాలన్నీ తిరిగి ధరలు కనుక్కునే శ్రమ తప్పుతుంది.

కానీ ధర ఒక్కటే పట్టుకుంటే ఏమవుతుందో చెప్పే కథ కూడా ఉంది. సుభిక్ష అని ఒక షాపుల గొలుసు ఉండేది. 1997లో చెన్నైలో మొదలైంది, తక్కువ ధరే దాని పేరు. 2008 నాటికి దేశమంతా సుమారు 1,600 షాపులు, అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో కూడా. ఆ ఏడాది ప్రపంచమంతా ఆర్థిక సంక్షోభం వచ్చింది, అప్పు పుట్టడం కష్టమైంది. సుభిక్ష దగ్గర రోజువారీ ఖర్చులకి డబ్బు అయిపోయింది. సరుకు రాలేదు, జీతాలు ఆగాయి, అరలు ఖాళీ అయ్యాయి, 2009లో షాపులు మూతపడ్డాయి. ఖాళీ అరలు చూసిన కస్టమర్లు పక్క షాపుకి వెళ్ళిపోయారు. వాళ్ళది తప్పు కాదు. ధర కోసం వచ్చినవాళ్ళు ఆ ధర ఉన్నంతవరకే ఉంటారు.

కాబట్టి నాకు అర్థమైంది ఇది: ధర మనుషులని షాపు దాకా తెస్తుంది. కష్టకాలంలో ఆ మనిషి మళ్ళీ వస్తాడా లేదా అనేది వేరే విషయం మీద ఉంటుంది. తక్కువ కొన్నప్పుడు, తక్కువవాడిలా చూశారా లేదా?

మా వీధి కొట్టు ఏం చేస్తుంది

మా వీధి చివర కొట్టు తాతయ్య ఏ మేనేజ్‌మెంట్ పుస్తకం చదవలేదు. కొట్లో గల్లాపెట్టె పైన "అరువు రేపు" అని బోర్డు ఉంటుంది. మీ ఊళ్ళో కూడా ఉండే ఉంటుంది. ఎప్పుడు వెళ్ళి చదివినా రేపే. వాడికవాళ్ళకి మాత్రం ఆ బోర్డు కనిపించదు. వాళ్ళ పేర్లు గల్లాపెట్టె కింద పొడుగాటి పుస్తకంలో ఉంటాయి. పోయిన సెలవుల్లో నేను ఆ కొట్లో కూర్చుని గమనించినవి ఇవి.

ఒకటి, పొట్లం. వంద గ్రాముల చింతపండు, పావు కేజీ కందిపప్పు అడిగితే మారుమాట్లాడకుండా కడతాడు. పెద్ద షాపుల్లో చాలా సరుకులు అరకేజీ, కేజీ ప్యాకెట్లలోనే ఉంటాయి. కేజీ మీద ధర తక్కువ పడుతుంది నిజమే, కానీ ఆ తగ్గింపు అందుకోవాలంటే ముందు కేజీకి సరిపడా డబ్బు ఉండాలి. ఈ సంగతి అర్థం చేసుకున్న కంపెనీలు కూడా ఉన్నాయి. 1983లో కడలూరులో సి.కె. రంగనాథన్ చిక్ షాంపూ మొదలుపెట్టి, సాషేలలో ఊరూరా అమ్మారు. సీసా కొనలేని ఇంట్లో కూడా షాంపూ వాడొచ్చు అనే ఆలోచన అది.

రెండు, నిజం చెప్పడం. సరుకుల ఖర్చు పెరిగినప్పుడు కంపెనీలు ఐదు రూపాయల ప్యాకెట్ ధర అలాగే ఉంచి లోపల బరువు తగ్గిస్తాయి. బరువు ప్యాకెట్ మీద రాసే ఉంటుంది, కానీ ఎవరు చూస్తారు? తాతయ్య చెప్తాడు: "ఈసారి తగ్గించాడమ్మాయ్, పక్కది తీసుకో." ఆ ఒక్క మాటతో ఆయనకి వచ్చే లాభం ఏమీ లేదు. కానీ రేపు ఆయన "ఈ బియ్యం బాగుంటాయి" అంటే అమ్మ ఇంకో మాట అడగదు.

మూడు, కొసరు. తూకం సరిపోయాక పైన వేసే ఆ కొంచెం. ప్యాకెట్లు వచ్చాక కొసరుకి చోటు పోయింది. అందుకని తాతయ్య పిల్లలొస్తే గుప్పెడు పుట్నాలు చేతిలో పోస్తాడు. లాయల్టీ పాయింట్లు ఎక్కువ కొన్నవాళ్ళకి ఎక్కువ వస్తాయి. పుట్నాలు పది రూపాయల సరుకుకి వచ్చిన పిల్లాడికీ గుప్పెడే, వెయ్యి రూపాయల సరుకుకి వచ్చిన పిల్లాడికీ గుప్పెడే.

నాలుగు, అన్నిటికంటే ముఖ్యమైనది, బాకీ గురించి మనుషుల ముందు మాట్లాడకపోవడం. ఒకామె నాలుగు రోజులు రాకపోతే, కనిపించినప్పుడు "ఏందమ్మాయ్, ఊళ్ళో లేవా? ఇంట్లో నూనె ఉందా?" అంటాడు. బాకీ ఊసు ఉండదు. అది నాకు అప్పుడు వ్యాపారం చేతకాకపోవడంలా కనిపించింది.

2020 లాక్‌డౌన్‌లో నేను చిన్నవాణ్ణి. రోజూ ఉదయం కొన్ని గంటలే కొట్లు తెరిచేవాళ్ళు, కూలి పనులు లేవు. అప్పుడు మా వీధిలో చాలా ఇళ్ళు ఆ పొడుగు పుస్తకం మీదే నడిచాయని అమ్మ చెప్తుంది. ఆ మాట ఇప్పటికీ చెప్పుకుంటారు. కస్టమర్ రిటెన్షన్ అంటే ఇంతకంటే ఏముంటుంది?

నేను చేసిన యాప్

2025 దసరా సెలవుల్లో నేను తాతయ్యకి ఒక యాప్ చేసిచ్చాను. ఖాతా పుస్తకం మొత్తం ఫోన్లోకి ఎక్కించాను. పేరు, ఫోన్ నంబర్, బాకీ, తేదీ. ఆయన వద్దనలేదు, మనవడి వయసు పిల్లాడు ఏదో చేస్తున్నాడని ముచ్చటపడ్డాడు. అందులో నాకు బాగా నచ్చిన ఫీచర్ ఒకటి పెట్టాను. 60 రోజులు దాటిన బాకీలకి ఉదయం తొమ్మిదింటికి ఆటోమేటిక్‌గా మెసేజ్ వెళ్ళిపోతుంది: "మీ బాకీ ఇంత. దయచేసి వెంటనే చెల్లించగలరు."

మొదటి రోజు మెసేజులు వెళ్ళాయి. అందులో ఒకటి మా అమ్మ స్నేహితురాలి ఇంటికి వెళ్ళింది, నేను పిన్ని అని పిలుస్తాను. బాకీ 6,340. పుస్తకంలో ఉన్న నంబర్ ఆమెది కాదు, వాళ్ళాయనది. బాకీ అంత ఉందని ఆయనకి తెలీదు. ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలీదు, అది నా పని కూడా కాదు. సాయంత్రం ఆయన వచ్చి ఎక్కడో చేబదులు తెచ్చిన డబ్బులు గల్లాపెట్టె మీద పెట్టి, "మేమేమన్నా ఊరొదిలి పారిపోతామా?" అని వెళ్ళిపోయాడు. కొట్లో నలుగురు ఉన్నారు. నేనూ ఉన్నాను.

నా యాప్‌లో ఆ ఖాతా పచ్చరంగులోకి మారింది. బాకీ సున్నా. ప్రోగ్రామ్ దృష్టిలో అది నూటికి నూరు శాతం సక్సెస్.

తాతయ్య నన్ను తిట్టలేదు. పాత పుస్తకం తీసి ఆ పేరు మీద అడ్డగీత గీశాడు. "బాకీ వచ్చిందిలే. ఆ ఇల్లు పోయింది" అన్నాడు.

ఆయన అన్నది లెక్కగా చూద్దాం. ఇవి కేవలం ఉదాహరణ అంకెలు. ఒక ఇల్లు నెలకి 4,000 సరుకులు కొంటుంది, కొట్టుకి నూటికి పది మిగులుతుంది అనుకుందాం. నెలకి 400, ఏడాదికి 4,800. 6,340 బాకీ అంటే కొట్టు పోగొట్టుకున్న డబ్బు కాదు, ఆగి ఉన్న డబ్బు. మిర్చి అమ్మాక వచ్చేది. దాన్ని మూడు నెలలు ముందు రప్పించడం కోసం ఏటా 4,800 తెచ్చే ఇంటిని నేను పంపేశాను. ఇది మనిషి సంగతి పక్కన పెట్టి, ఉత్త లెక్క మాత్రమే.

అసలు విషయం ఇంకోటి. అప్పటిదాకా నేను, కస్టమర్ కొట్టు మానేసేది కోపం వచ్చినప్పుడు అనుకున్నాను. సరుకు బాగోకపోతే, ధర ఎక్కువైతే, మర్యాద లేకపోతే. కష్టకాలంలో అలా కాదు. కోపం వచ్చినవాడు అరుస్తాడు, అరిచి మళ్ళీ వస్తాడు. సిగ్గుపడ్డవాళ్ళు అరవరు. మొహం చాటేస్తారు. బాకీ ఉన్న మనిషి ఆ కొట్టు ముందు నుంచి నడవలేక వేరే వీధిలోంచి వెళ్తుంది. తాతయ్య "ఇంట్లో నూనె ఉందా?" అని ఎందుకు అడుగుతాడో అప్పుడు తెలిసింది. బాకీ ఉన్నా నువ్వు రావచ్చు అని చెప్పడానికి అది ఆయన దారి. నేను దాన్ని వ్యాపారం చేతకాకపోవడం అనుకున్నాను.

ఊరి కొట్టు అందరికీ ఇల్లు కాదు

ఈ వ్యాసం డ్రాఫ్ట్ చదివిన నా హాస్టల్ ఫ్రెండ్ ఒకడు ఒప్పుకోలేదు. "మీ తాతయ్య మంచోడురా. మా ఊళ్ళో కొట్టాయన మాకు చిల్లర చేతిలో పెట్టడు, బల్ల మీద పడేస్తాడు. మేం ఎవరమో ఆయనకి తెలుసు కాబట్టి. నాకు సూపర్ మార్కెట్ అంటేనే ఇష్టం. అక్కడ నేనెవరో ఎవడికీ తెలీదు" అన్నాడు.

వాడన్నది నిజం. 1916లో అమెరికాలో మెంఫిస్ అనే ఊళ్ళో క్లారెన్స్ సాండర్స్ అనే ఆయన పిగ్లీ విగ్లీ అని షాపు పెట్టాడు. అప్పటిదాకా కస్టమర్ చీటీ ఇస్తే గుమాస్తా లోపల్నుంచి తెచ్చి ఇచ్చేవాడు. ఇక్కడ కస్టమరే బుట్ట పట్టుకుని తిరిగి తీసుకోవచ్చు. గుమాస్తాల జీతం తగ్గించుకోవడానికి పనికొచ్చిన పద్ధతి అది. కానీ అందులో ఇంకో సంగతి ఉంది. ఎవరి దయా లేకుండా, ఎవరినీ అడక్కుండా వస్తువు ముట్టుకుని, ధర చూసి, వద్దనుకుంటే మళ్ళీ పెట్టేయొచ్చు. మా ఫ్రెండ్‌కి కావలసింది అదే.

ఇంకో ప్రశ్న కూడా వాడే వేశాడు. "బాకీ ఉంది కాబట్టి వస్తున్నారా, ఇష్టమై వస్తున్నారా?" ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లో రాసిన పుస్తకంలో దీనికి దగ్గరి విషయం ఉంది. ఒక చోట నచ్చనప్పుడు మనిషికి రెండు దారులు: వెళ్ళిపోవడం, లేదా ఉండి అడగడం. లాయల్టీ ఉంటే వెంటనే వెళ్ళిపోకుండా ఉండి అడుగుతాడు. అయితే వెళ్ళిపోయే దారి అసలు లేకపోతే అది లాయల్టీ అనిపించుకోదు, కట్టేయడం అవుతుంది. అరువిచ్చే కొట్లో ధర రూపాయో రెండో ఎక్కువ ఉండొచ్చు. అది కనిపించని వడ్డీ. బాకీ ఉన్న మనిషి ధర గురించి గట్టిగా అడగలేదు కూడా. కాబట్టి వాడిక నిజమైనదో కాదో తెలియాలంటే, బాకీ తీరిన మర్నాడు ఆ మనిషి ఎక్కడికి వెళ్తుందో చూడాలి.

మా అమ్మ మిర్చి డబ్బులు రాగానే బాకీ మొత్తం కట్టి, మర్నాడు మళ్ళీ అదే కొట్టుకి వెళ్తుంది. మా ఫ్రెండ్ సూపర్ మార్కెట్‌కి వెళ్తాడు. ఇద్దరూ వెళ్ళేది ఒకే కారణంతో. అక్కడ తల దించుకోనక్కర్లేదు.

మనం రాయబోయే కోడ్

ఇది చదివేవాళ్ళలో చాలామంది రెండు మూడేళ్ళలో ఏదో ఒక కంపెనీలో కూర్చుని బిల్లింగ్, పేమెంట్, డెలివరీ సాఫ్ట్‌వేర్ రాస్తారు. కాబట్టి చేయగలిగినవి కొన్ని.

బిల్లు స్కాన్ అవుతున్నప్పుడే మొత్తం ఎంతైందో కస్టమర్ వైపు కూడా పెద్ద అంకెల్లో కనిపించాలి. చివర్లో ఒక్కసారిగా తెలియకూడదు. అరల దగ్గర ధర చూసుకునే స్కానర్ ఒకటి ఉంటే ఇంకా మంచిది. కొంత మొత్తం దాకా వస్తువు తీసేసే అనుమతి క్యాషియర్‌కే ఇచ్చి, అన్నీ లాగ్‌లో రాసి, సాయంత్రం సూపర్‌వైజర్ చూసుకోవచ్చు. దొంగతనం అప్పుడూ దొరుకుతుంది, కేకలు ఉండవు. పేమెంట్ బాక్స్ "పది రూపాయలు అందాయి" అని వీధంతా వినిపించేలా అరవాలా, షాపు యజమానికి వినిపిస్తే చాలదా? బాకీ మెసేజ్ పంపే ముందు, ఈ ఫోన్ ఎవరి చేతిలో ఉంటుంది అని ఒక్కసారి ఆలోచించాలి. నేను ఆలోచించలేదు.

నా యాప్‌లో ఆ మెసేజ్ ఫీచర్ తీసేశాను. దాని బదులు పది రోజులుగా రాని వాడికవాళ్ళ పేర్లు తాతయ్యకి మాత్రమే కనిపించేలా ఒక లిస్టు పెట్టాను. చూపిస్తే నవ్వి, "అది నాకు తెలుసుగా అబ్బాయ్" అన్నాడు. ఇప్పుడు ఆయన ఆ యాప్‌ని నెలాఖరు కూడికలకి వాడుతున్నాడు. అరువు మళ్ళీ పొడుగు పుస్తకంలోకే వెళ్ళిపోయింది.

సంక్రాంతికి అమ్మ చెప్తే పిన్ని వాళ్ళింటికి వెళ్ళాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక కాసేపు అలాగే కూర్చున్నాను. చివరికి "మెసేజ్ పంపింది తాతయ్య కాదు పిన్నీ, నేను చేసిన యాప్" అన్నాను. ఆమె "పోనీలేరా, చదువుకునే పిల్లాడివి" అని అరిసెలు పెట్టింది. సెమిస్టర్ మార్కులు అడిగింది. కొట్టు మాట ఎత్తలేదు.

ఆమె ఇప్పుడు సరుకులకి స్టేషన్ వైపు వేరే కొట్టుకి వెళ్తుంది, మా వీధి నుంచి దూరం. తాతయ్య పుస్తకంలో ఆమె పేరున్న పేజీ చింపలేదు. అడ్డగీత కింద మిగతా పేజీ ఖాళీగా ఉంచాడు.